పొలిమేర దాటని కార్లు

అరుదైన కారు, ఎవరికీ తెలియని కారు ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఫెరారీ 250 జీటీఓ కార్లు 1962–64 మధ్య తయారైనవి 36 మాత్రమే. వాటిలో ఏది ఎవరి చేతిలో ఉంది, ఏ పందెంలో పరిగెత్తింది, ఎప్పుడు చేతులు మారింది అన్నది షాసీ నంబరుతో సహా అప్పజెప్పేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. అరుదైనదే, కానీ దాని గురించి తెలియనిదంటూ ఏమీ మిగల్లేదు. మరోపక్క 1970లలో బ్రిటన్‌లో లక్షల్లో అమ్ముడైన మోరిస్ మరీనా ఈరోజు అక్కడి రోడ్ల మీద వందల్లోనే మిగిలింది. చవకగా కొన్నారు, వాడుకున్నారు, తుక్కుకు వేశారు. విచిత్రమేమిటంటే దాని తలుపు పిడి మాత్రం బతికిపోయింది. లోటస్ ఎస్ప్రీకి అదే పిడి, ఆ తర్వాత నాలుగు తలుపుల రేంజ్ రోవర్‌కూ అదే పిడి. మరీనా పేరు విననివాళ్లు కూడా దాని పిడి పట్టుకుని ఖరీదైన కార్ల తలుపులు తీశారు.

అరుదు అనేది లెక్కకు సంబంధించిన మాట. ఒక కారు ఎవరికీ తెలియకుండా ఉండిపోవడానికి మాత్రం కారణాలు వేరు. అలాంటి కార్ల వేటలో పడినవాళ్లు సాధారణంగా వింత ఆకారాల కోసం చూస్తారు: మూడు చక్రాలు, రెక్కల్లా లేచే తలుపులు, నీళ్లలో ఈదే బాడీ. అవి దొరుకుతాయి, సరదాగానూ ఉంటాయి. కానీ ఎక్కువ ఫలితం ఇచ్చే దారి మరొకటుంది. కార్లను పక్కన పెట్టి ప్రభుత్వాలు గీసిన గీతలను చూడాలి. పన్ను ఎక్కడ పెరుగుతుంది, ఏ లైసెన్సుతో ఏది నడపవచ్చు, ఏది దిగుమతి చేసుకోకూడదు? ఎక్కడ గీత గీస్తే దానికి వెంట్రుకవాసి ఇవతల ఒక కారు పుడుతుంది. ఆ గీత లేని దేశంలో ఆ కారుతో పనిలేదు కాబట్టి అది పొలిమేర దాటదు.

ఇటలీలో చాలాకాలం రెండు లీటర్ల దగ్గర ఇలాంటి గీత ఉండేది. ఇంజిను 2,000 సీసీ దాటితే కారు మీద పన్ను 38 శాతం, దాటకపోతే సుమారు అందులో సగం. ఫెరారీ 308 ఇంజిను 2,927 సీసీ. ఫెరారీ కొనేవాడికి పన్నుతో పనేమిటి అనిపించవచ్చు గానీ, డబ్బున్నవాళ్లకు లెక్కలు ఇంకా బాగా వచ్చు. కంపెనీ ఏం చేసిందంటే, అదే వీ8 ఇంజినులో పిస్టన్ కదిలే దూరాన్ని 71 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచి, సిలిండర్ వ్యాసాన్ని 81 నుంచి 66.8 మిల్లీమీటర్లకు తగ్గించింది. ఎనిమిది సిలిండర్లూ కలిపితే 1,991 సీసీ. గీతకు తొమ్మిది సీసీలు ఇవతల! 1980లో వచ్చిన 208 జీటీబీ ఇదే. పక్కన నిలబెడితే 308కీ దీనికీ తేడా చెప్పడం కష్టం. నడిపితే మాత్రం వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే దీని శక్తి 155 హార్స్‌పవరే. ఆ సంగతి కంపెనీకి కూడా తెలుసు కాబట్టి 1982లో టర్బో బిగించి 220కి తెచ్చింది. టర్బోతో వచ్చిన మొదటి ఫెరారీ రోడ్డు కారు అదే. తర్వాత వచ్చిన 288 జీటీఓ, ఎఫ్40 గురించి పుస్తకాలకు పుస్తకాలు రాశారు. పన్ను తప్పించుకోవడానికి పుట్టిన ఆ పెద్దన్నను తలుచుకునేవాళ్లు తక్కువ.

బీఎండబ్ల్యూ 320ఐఎస్ కథ కూడా ఆ కోవలోదే. పేరుమోసిన ఎం3లోని 2.3 లీటర్ల ఇంజినును 1,990 సీసీకి కుదించి, ఏ ఆర్భాటమూ లేని మామూలు 3 సిరీస్ బాడీలో పెట్టి, 1988 నుంచి 1990 దాకా ఇటలీ, పోర్చుగల్ దేశాల కోసం తయారుచేశారు. బయట ఎం అక్షరం ఎక్కడా ఉండదు. పక్కనుంచి వెళ్లిపోయినా ఎవరూ తల తిప్పి చూడరు.

జపాన్‌లో గీత ఇంకా కఠినం. కేయి అనే చిన్న కార్ల తరగతికి పొడవు, వెడల్పు, ఇంజిను పరిమాణం అన్నిటికీ హద్దులున్నాయి. ఇంజిను హద్దు 1955 నుంచి 360 సీసీ, 1976 నుంచి 550, 1990 నుంచి 660. ఆ హద్దుల్లో ఉంటే పన్ను తక్కువ. ఈ ఇరుకులో నుంచే ఆటోజామ్ ఏజెడ్-1 అనే కారు పుట్టింది. 1992లో వచ్చింది. 657 సీసీ టర్బో ఇంజిను సీట్ల వెనుక, ఇద్దరికి మాత్రమే చోటు, గద్ద రెక్కల్లా పైకి లేచే తలుపులు. బొమ్మ కారులా ఉంటుంది, కానీ పందెపు కారుకు వేసే లెక్కలతోనే దాన్ని తయారుచేశారు. ఆటోజామ్ అనేది మాజ్దా పెట్టుకున్న అనేక అమ్మకాల పేర్లలో ఒకటి. ఇంజిను సుజుకీది. సుజుకీ కూడా అదే కారుకు తన పేరు తగిలించి కారా అని అమ్ముకుంది. రెండు పేర్లూ కలిపినా అమ్మకాలు అయిదు వేలు దాటలేదు. జపాన్ ఆర్థిక బుడగ అప్పటికే పగిలిపోయింది. రెండో కారుగా కొనుక్కునే ఆటవస్తువుకు అది మంచి కాలం కాదు.

బ్రిటన్‌లో గీత లైసెన్సు దగ్గర. నిర్ణీత బరువుకు లోబడిన మూడు చక్రాల వాహనాన్ని మోటారు సైకిల్ లైసెన్సుతో నడపనిచ్చేవారు. రిలయంట్ కంపెనీ దశాబ్దాల పాటు ఆ నిబంధన మీదే బతికింది. ఈ తరగతిలో అందరికన్నా చిన్నది ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో 1962–65 మధ్య తయారైన పీల్ పీ50. పొడవు 137 సెంటీమీటర్లు, ఇంజిను 49 సీసీ, ఒకటే తలుపు, ఒకటే వైపరు, ఒకటే హెడ్‌లైటు. రివర్స్ గేరు లేదు. వెనక్కి తిప్పాలంటే దిగి, వెనుక ఉన్న పిడి పట్టుకుని ఎత్తి, కావలసిన వైపుకు లాక్కోవాలి. దాని బరువు దాదాపు ఒక మనిషి బరువంతే కాబట్టి అది పెద్ద కష్టమేమీ కాదు.

పన్ను, లైసెన్సు గీతలు ఒక్కో మోడల్‌ను పుట్టిస్తే, దిగుమతి నిషేధం ఒక పరిశ్రమనే పుట్టిస్తుంది. 1976 నుంచి 1990 దాకా బ్రెజిల్ విదేశీ కార్లను దాదాపు పూర్తిగా ఆపేసింది. స్పోర్ట్స్ కారు కావాలనుకున్నవాళ్లకు దారి మూసుకుపోయింది. ఆ ఖాళీని పూమా, మియూరా, శాంటా మాటిల్డే లాంటి చిన్న తయారీదారులు నింపారు. శాంటా మాటిల్డే అసలు రైలు పెట్టెలు, రైల్వే పరికరాలు చేసే సంస్థ. పెద్ద కంపెనీల ఇంజిన్లు తెచ్చుకుని, పైన తమ సొంత బాడీ కూర్చడం వీళ్ల పద్ధతి. నిషేధానికి ముందే, 1972లో, ఫోక్స్‌వాగన్ బ్రెజిల్ శాఖ ఎస్పీ2 అనే కారు తెచ్చింది. ఆ కంపెనీ చేసిన అందమైన కార్లలో ముందు వరుసలో నిలబడగలిగినది. దురదృష్టవశాత్తు లోపల ఉన్నది బీటిల్ వంశానికి చెందిన 1.7 లీటర్ల ఇంజిను. ఎస్పీ అంటే పోర్చుగీసులో ‘శక్తి లేనిది’ అని అక్కడివాళ్లు ఎగతాళి చేసేవారు.

ఈ చిన్న తయారీదారులందరినీ నిలబెట్టిన పదార్థం ఫైబర్ గ్లాస్. ఉక్కుతో బాడీ చేయాలంటే బానెట్‌కు, తలుపుకు, టాప్‌కు విడివిడిగా భారీ డైలు, అంటే రేకును నొక్కి ఆకారం తెచ్చే ఉక్కు అచ్చులు, కావాలి, వాటిని మోపే ప్రెస్సులు కావాలి. లక్షకు దగ్గరగా కార్లు అమ్మితే గానీ ఆ ఖర్చు తిరిగి రాదు. ఫైబర్ గ్లాస్‌కు ఒక అచ్చు చాలు. అందులో గాజు నారను పొరలు పొరలుగా పరిచి, రెసిన్ పూసి, ఆరనిచ్చి, ఊడదీస్తారు. పని నెమ్మది, మనుషులు ఎక్కువ కావాలి, కానీ వందల్లో చేసుకునేవాడికి గిట్టుబాటవుతుంది. రిలయంట్ ఈ విద్యను ఇతర దేశాలకు కూడా అమ్మింది. ఇజ్రాయెల్‌లోని సుసీటా, టర్కీలో 1966లో మొదలైన అనడోల్ రెండిటి వెనుకా దాని చేయి ఉంది. సుసీటా బాడీని ఒంటెలు నమిలేస్తాయని ఇజ్రాయెల్‌లో, అనడోల్‌ను ఎద్దులు, మేకలు తినేస్తాయని టర్కీలో కథలు పుట్టాయి. తూర్పు జర్మనీ ట్రబాంట్ బాడీ ఫైబర్ గ్లాస్ కాదు, పత్తి వ్యర్థాలకు రెసిన్ కలిపి చేసినది. దాన్ని పందులు తిన్నాయన్న కథ కూడా ఉంది. మూడు దేశాల్లో జంతువు మాత్రం మారింది, వెక్కిరింత అదే.

ఉక్కు డైలకు మాత్రం మరో జీవితం ఉంటుంది. పుట్టిన దేశంలో మోడల్ పాతబడ్డాక వాటిని వేరే దేశానికి అమ్మేస్తారు, కొన్నిసార్లు మోడల్ కొత్తగా ఉండగానే దాన్ని తయారుచేసే హక్కు అమ్ముతారు. బ్రిటన్ హిల్‌మన్ హంటర్ ఇరాన్‌లో పేకాన్ అయింది. రెనో 12 రుమేనియాలో డాషియా 1300 అయింది. ఫియట్ 124 సోవియట్ దేశంలో జిగులీ అయింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అంబాసిడర్ అయింది. హంటర్ బ్రిటన్‌లో 1970ల చివరికే కనుమరుగైతే పేకాన్ 1967 నుంచి 2005 దాకా నడిచింది, 20 లక్షలకు పైగా తయారైంది. అయినా ఇరాన్ బయట దాని పేరు ఎత్తితే చాలామంది ముఖం ఖాళీగా పెడతారు. ‘ఎవరికీ తెలియని కారు’ అన్నప్పుడు ఆ ‘ఎవరు’ ఏ దేశంవాళ్లు అని ముందు అడగాలి. ఒక దేశంలో ప్రతి ఇంటి ముందూ నిలిచిన బండి ఇంకో దేశంలో మ్యూజియం ముక్క అవుతుంది.

పేరు మార్చి అమ్మిన కార్లది పెద్ద అడవి, అందులో దారి తప్పడం తేలిక. ల్యాండ్ రోవర్ డిస్కవరీని 1990లలో జపాన్‌లో హోండా క్రాస్‌రోడ్ అని అమ్మారు. ఓపెల్ జఫీరాను సుబారు ట్రవిక్ అన్నారు. సాబ్ 9-2ఎక్స్ నిజానికి సుబారు ఇంప్రెజా. వీటిలో కథ తక్కువ, బ్యాడ్జి ఎక్కువ. చెప్పుకోదగ్గవి రెండున్నాయి. ఒకటి ఆల్ఫా రోమియో అర్నా, 1983లో వచ్చింది. నిస్సాన్ బాడీ, ఆల్ఫా ఇంజిను. చక్కని రూపానికి పేరున్న ఇటాలియన్ల దగ్గర యంత్రం తీసుకుని, గట్టి యంత్రాలకు పేరున్న జపనీయుల దగ్గర రూపం తీసుకున్నారు. పెళ్లి సంబంధం తలకిందులుగా కుదిర్చినట్టు. నాలుగేళ్లలో ముగిసిపోయింది.

రెండోది మాజ్దా రోడ్‌పేసర్. పెద్ద అధికారులు ఎక్కే హోదా గల కారు మాజ్దా దగ్గర లేదు. ఆస్ట్రేలియా నుంచి హోల్డెన్ ప్రీమియర్ బాడీలను ఇంజిను లేకుండా తెప్పించుకుని, వాటిలో తన రోటరీ ఇంజిను (పైకీ కిందికీ కదిలే పిస్టన్లకు బదులు గుండ్రంగా తిరిగే రోటర్లు ఉండేది) బిగించి 1975లో అమ్మకానికి పెట్టింది. అదే బాడీని ఆస్ట్రేలియాలో అయిదు లీటర్ల వీ8 కూడా లాగేది. ఇక్కడ లాగవలసింది 1.3 లీటర్ల రోటరీ. ఈ ఇంజిను సుఖంగా తిరగాలంటే వేగం కావాలి, బరువైన కారు కదలాలంటే తక్కువ వేగంలో బలం కావాలి. రెండిటికీ పొత్తు కుదరలేదు. పైగా 1973 చమురు సంక్షోభం తర్వాత కొద్దికాలానికే వచ్చిన ఈ కారు పెట్రోలును నీళ్లలా తాగేది. 1977 నాటికి 800 తయారుచేసి ఆపేశారు. కాగితం మీద ప్రతి నిర్ణయానికీ ఒక కారణం కనిపిస్తుంది. కలిపి చూస్తేనే ఎవరైనా ఎలా ఒప్పుకున్నారా అనిపిస్తుంది.

పుట్టుక సంగతి అలా ఉంచితే, ఎదురైన ఒక గుర్తు తెలియని కారును పోల్చుకోవడం వేరే విద్య. చాలాసార్లు చేతికి దొరికేది ఒక పాత ఫోటో మాత్రమే. బానెట్ మీద పేరు చదవాలని చూడటం మొదటి పొరపాటు, పేరు మార్చడం అన్నిటికన్నా తేలిక కాబట్టి. మార్చడం కష్టమైనవాటిని చూడాలి: కిటికీ అద్దాల చట్రం, తలుపుల అతుకులు, చక్రానికి ఎన్ని నట్లున్నాయి. మూడు నట్లే ఉంటే వెతుకులాట చాలామటుకు ఫ్రాన్స్ వైపు తిరుగుతుంది. సిట్రోయెన్ 2సీవీ, రెనో 4, వాటి చుట్టాలు అలాంటివే. రెనో 4కి ఇంకో గుర్తుంది. దాని వెనుక చక్రాల టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) కారు వెడల్పంతా అడ్డంగా, ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. అందువల్ల ఒక పక్క చక్రం రెండో పక్కకన్నా దాదాపు 48 మిల్లీమీటర్లు వెనక్కి ఉంటుంది. కుడి, ఎడమల వీల్‌బేస్, అంటే ముందు వెనుక చక్రాల మధ్య దూరం, వేరువేరుగా ఉన్న కారు! స్కేలు పెట్టి రెండు పక్కల ఫోటోలు కొలిస్తే తేలిపోతుంది.

చట్టాలు కూడా కారు ముఖం మీద ముద్ర వేసి పోతాయి. పసుపు హెడ్‌లైట్లుంటే ఫ్రాన్స్‌లో తిరిగిన బండి అయి ఉండే అవకాశం ఎక్కువ, 1993 దాకా అక్కడ అవి తప్పనిసరి. వెనక్కి చూసుకునే అద్దాలు తలుపు మీద కాకుండా ముందు మడ్‌గార్డుల మీద ఉంటే జపాన్ సొంత మార్కెట్ కారు, అదీ 1983కు ముందుది కావచ్చు. ఆ ఏడాది వరకు అక్కడ తలుపు అద్దాలకు అనుమతి లేదు. మడ్‌గార్డు పక్కన చిన్న దీపాలుంటే 1968 నుంచి అమెరికాకు వెళ్లినది కావచ్చు. అమెరికా నిబంధనలు యూరప్ కార్ల రూపాన్ని ఎంతగా పాడుచేశాయో చెప్పడానికి సిట్రోయెన్ డీఎస్ చాలు. యూరప్‌లో 1967 నుంచి దాని లైట్లు గాజు కప్పు వెనుక ఉండి స్టీరింగ్‌తో పాటు మలుపు వైపు చూసేవి. అమెరికాకు పంపిన కార్లలో ఆ గాజూ లేదు, ఆ చూపూ లేదు. ఒక హెచ్చరిక: పాత ఫోటోలు కొన్నిసార్లు తిరగేసి ముద్రిస్తారు. స్టీరింగ్ కుడివైపు ఉందని సంబరపడే ముందు నంబరు ప్లేటు సరిగా చదవగలుగుతున్నామో లేదో చూసుకోవాలి.

కారు ఎదురుగా ఉంటే పని తేలిక. 1980ల నుంచి దాదాపు అన్ని దేశాల్లో షాసీ నంబరు 17 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. మొదటి గుర్తులే పుట్టిల్లు చెబుతాయి. జె అంటే జపాన్, డబ్ల్యూ జర్మనీ, వీఎఫ్ ఫ్రాన్స్, జెడ్ ఇటలీ, 9బీ బ్రెజిల్, యూయూ రుమేనియా. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో ఎక్కడా ఉండవు, అంకెలతో కలిసిపోతాయని. ఉన్నట్టు కనిపిస్తే చదవడంలో తప్పైనా ఉండాలి, ప్లేటు మీద మోసమైనా ఉండాలి. జపాన్ తన సొంత మార్కెట్ కార్లకు మాత్రం ఈ పద్ధతి వాడదు. అక్కడ మోడల్ సంకేతం, ఒక గీత, ఆపైన వరుస సంఖ్య, అంతే. ఆ పొట్టి నంబరే ఒక ఆనవాలు.

కాగితాల్లో వెతికేవాళ్లకు బ్రోచర్లు కంటికి ఇంపుగా ఉంటాయి గానీ నమ్మదగ్గవి కావు. అమ్మకానికి పెడతామని అచ్చువేసి, ఒక్కటి కూడా చేయని కార్లు వాటిలో ఉంటాయి. నమ్మవలసింది విడిభాగాల జాబితాను. అది అమ్మకం కోసం రాసింది కాదు, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఏ గేర్‌బాక్సు వేశారో మెకానిక్‌కు చెప్పడానికి రాసింది. అబద్ధమాడవలసిన అవసరం దానికి లేదు. జెనీవా మోటార్ షో సందర్భంగా స్విట్జర్లాండ్‌లో ఏటా వచ్చిన లావుపాటి కేటలాగులు కూడా గనులే. చెప్పుకోదగ్గ కార్ల పరిశ్రమ లేని దేశం కాబట్టి అక్కడ అందరూ అమ్ముకోవడానికి వచ్చేవారు, ఎవరినీ పైకెత్తవలసిన అవసరం ఆ దేశానికి ఉండేది కాదు. ఇక ‘ప్రపంచంలో ఇదొక్కటే మిగిలింది’ అన్న వాక్యం కనబడితే కొంత అనుమానంతో చదవడం మంచిది. ఆ మాట అచ్చయిన కొన్నాళ్లకు ఏదో కొట్టంలోంచి రెండోది బయటపడటం మామూలే. కంప్యూటర్ గీసిన ‘మరుగునపడిన కార్ల’ చిత్రాలు ఈ మధ్య కొత్త చిక్కు. వాటిలో చక్రం నట్లు లెక్కపెట్టండి, చాలాసార్లు ముందు చక్రానికి అయిదు, వెనుక చక్రానికి ఏడు తేలతాయి.

కొన్ని కార్లు తెలియకుండా పోవడానికి వాటిని చేసినవాళ్లే కారణం. క్రైస్లర్ 1963లో టర్బైన్ ఇంజినుతో నడిచే కార్లు 50 చేసి, 203 మందికి ఒకరి తర్వాత ఒకరికి వాడుకోవడానికి ఇచ్చింది. మండేది దాదాపు ఏది పోసినా నడిచేది. మెక్సికో అధ్యక్షుడి కోసం టెకీలా పోసి నడిపారు. ప్రయోగం ముగిశాక నమూనాలతో కలిపి మొత్తం 55లో తొమ్మిదిని మిగిల్చి తక్కినవి ధ్వంసం చేసింది. మూడు దశాబ్దాల తర్వాత జనరల్ మోటార్స్ కూడా ఈవీ1 విద్యుత్ కార్లను అద్దెకిచ్చి, వెనక్కి తీసుకుని, చాలావాటిని నలిపేసింది.

ఈ వరుసలో తక్కువమందికి తెలిసినది సిట్రోయెన్ ఎం35. రోటరీ ఇంజిను రోజువారీ వాడకంలో ఎంత నిలుస్తుందో తెలుసుకోవడానికి 1969లో మొదలుపెట్టారు. ప్రయోగశాలలో పెట్టి పరీక్షించే బదులు, ఏడాదికి 30,000 కిలోమీటర్లకు పైగా తిరిగే నమ్మకమైన ఖాతాదారులను ఎంచుకుని వాళ్లకే అమ్మారు. అంటే పరీక్ష ఖర్చులో కొంత పరీక్షకు గురైనవాళ్లే పెట్టుకున్నారు. 500 చేద్దామనుకుని 267 దగ్గర ఆపేశారు. తర్వాత కంపెనీ వాటిని తిరిగి కొనడం మొదలుపెట్టింది. ఇన్ని తక్కువ కార్ల కోసం ఏళ్ల తరబడి విడిభాగాలు నిల్వ ఉంచడం ఇష్టంలేక చాలావాటిని తుక్కు చేసింది. కొందరు యజమానులు ఇవ్వబోమన్నారు. వాళ్ల దగ్గర మిగిలినవాటిని గుర్తుపట్టడానికి షాసీ ప్లేటు వెతకనక్కరలేదు. ముందు మడ్‌గార్డు మీద, దూరం నుంచి కనబడేలా, ప్రతి కారుకూ దాని వరుస సంఖ్యను రంగుతో రాసి ఉంచింది కంపెనీయే.